వాంపైరు నౌక చరిత్రము

పెద్ద యుద్ధనౌకల పేళ్లు మన విద్యార్థులలో పలువు రెఱుగుదురు. హుడ్ అనియు, బిస్మార్కు అనియు, యమాతో అనియు వారు తడబడక చెప్పగలరు. ఏ నౌకకు ఎన్ని ఫిరంగులుండెనో, ఏది యెక్కడ మునిగెనో వారి నడిగినచో నాకంటె మిన్నగ చెప్పుదురు. కాని ఆ పెద్ద నౌకలు రేవు విడిచి కదలినపుడెల్ల వాని ముందును ప్రక్కలను కావలి కాచుచు పోయిన చిన్న నౌకల పేళ్ల నడిగినచో ఒక్కరును నోరు విప్పరు. ఇది వారి లోపము కాదు. పుస్తకములు వ్రాసినవారు సయితము ఆ చిన్నవానిని ‘మఱి నాలుగు డిస్ట్రాయరులు’ అని లెక్క చెప్పి దాటిపోవుదురు.

నేను ఈ వ్యాసమున వ్రాయబోవునది అట్టి చిన్న నౌకలలో నొకదానిని గుఱించి. దాని పేరు వాంపైరు. అది 1917వ సంవత్సరమున ఇంగ్లాండు దేశమున నీట దిగి, 1942వ సంవత్సరము ఏప్రిలు 9వ తేదీని సింహళద్వీపమునకు తూర్పున, మన తీరమును తాకుచున్న బంగాళాఖాతముననే మునిగెను. ఇరువదియైదేండ్ల జీవితము. అందు రెండు మహాయుద్ధములు. ఆ రెంటి నడుమ చాలకాలము పనిలేక కట్టువడి యుండుట.

డిస్ట్రాయరు అను మాటకు మనవారు విధ్వంసక నౌక యని వ్రాయుచున్నారు. ఆ మాట వినగానే మనస్సునకు భయంకరాకారము దోచును గాని, నిజమునకు అది రేకుతో చేసిన సన్నని పొడవాటి ఓడ. 1890వ సంవత్సర ప్రాంతమున టార్పీడో పడవలు వచ్చి పెద్ద నౌకలను బెదరింపసాగినపుడు, ఆ పడవలను తఱిమి కొట్టుటకు పుట్టినవి గనుక వానికి ఆ పేరు వచ్చెను. తరువాత వానికే టార్పీడోలు నిచ్చిరి. ఆ పిమ్మట జలాంతర్గాములు వచ్చినవి. వానిని వెదకి వేటాడు పనియు వీని మీదనే పడెను. వర్తక నౌకల గుంపులకు కాపుపోవుట, తపాలా మోయుట, సైనికులను దింపుట, మునుగుచున్న వారిని పైకి తీయుట, ఇట్లు ఇంటి చిన్నకోడలికి వలె పనులన్నియు వీనికే. పెద్ద నౌకకు వలె వీనికి ఉక్కుకవచము లేదు. వేగమే దీని కవచము.

వాంపైరు పొడవు 312 అడుగులు. బరువు సుమారు 1,200 టన్నులు. నాలుగు అంగుళముల ఫిరంగులు నాలుగు, టార్పీడోలు విడుచు గొట్టములు ఆఱు ఉండెను. చమురుతో కాగు బాయిలరులు, ఆవిరితో తిరుగు యంత్రములు, గంటకు 34 నాట్ల వేగము. నూటయిరువదిమంది వఱకు నావికులు. ఆ పొడవులో యంత్రములకే సగము పోగా, మిగిలిన సందులలో ఆ మనుష్యులు ఉయ్యాల గుడ్డలు కట్టుకొని నిద్రించుచుండిరి. అల పెద్దదైనచో భోజనపుబల్ల మీద ఏదియు నిలువదు. మన పిల్లలు సినిమాలలో చూచు తెల్లని దుస్తులును, వరుసగ నిలిచి చేయు వందనములును రేవులోని సంగతి.

విశాఖపట్నమువారికి ఇట్టి నౌక యొకటి బాగుగ తెలిసినదే. ఇంగ్లాండున 1942లో నీట దిగి రోథరాము అను పేరుతో ఆ యుద్ధమున పనిచేసి, 1949లో మన దేశమునకు వచ్చి రాజపుత్ అను పేరు దాల్చిన నౌక యొకటి గలదు. 1971వ సంవత్సరము డిసెంబరులో ఘాజీ అను పాకిస్తాను జలాంతర్గామి విశాఖరేవు వెలుపల మునిగిన రాత్రి సముద్రములోనికి బయలుదేరినది ఆ ముసలి నౌకయే. డిస్ట్రాయరులకు వయస్సు మీఱిన తరువాత గూడ విశ్రాంతి లేదనుటకు దీనిని చెప్పితిని. ఇక వాంపైరు సంగతికి వచ్చెదను.

వైటు ద్వీపమున కౌసు అను ఊరిలో జె. శామ్యూలు వైటు వారి నౌకాకర్మాగారమున 1916వ సంవత్సరము అక్టోబరులో దీనికి పునాదికమ్మి వేసిరి. 1917 మే నెలలో నీట దింపిరి. సెప్టెంబరులో నావికాదళమున చేర్చిరి. ఏడాది తిరుగక మునుపే ఒక యుద్ధనౌక తయారయ్యెననిన ఆ కాలపు తొందర యెట్టిదో ఊహింపవచ్చును. అది జర్మను జలాంతర్గాములు ఇంగ్లాండు నావలను లెక్కకు మిక్కిలిగ ముంచుచుండిన సంవత్సరము. దీనికి మొదట తలచిన పేరు వాలెసు. స్కాట్లాండు వీరుని పేరది. తరువాత ఏమి యోచించిరో, ఆ వీరుని పేరు తీసి వాంపైరు అని పెట్టిరి. వాంపైరనగా మనుష్యుల రక్తము పీల్చు పిశాచము. మన దేశమున బిడ్డలు దక్కుటకు పెంటయ్య యనియు, పుల్లయ్య యనియు పేళ్లు పెట్టుట కలదు గాని, పిశాచము పేరు పెట్టిన తండ్రిని నేనింకను చూడలేదు. ఈ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

మొదటి మహాయుద్ధము 1918 నవంబరు 11వ తేదీని ముగిసెను గనుక ఆ యుద్ధమున వాంపైరునకు దొరికిన కాలము పదునాలుగు నెలలకు లోపే. తరువాత వచ్చినది శాంతికాలము. రాజ్యములు కూడి ఒడంబడికలు చేసికొని యుద్ధనౌకలను తగ్గించుకొనిరి. 1929 తరువాత ప్రపంచమున ధనము కఱవయ్యెను. ఓడలకు చమురు పోయుటకును, నావికులకు జీతములిచ్చుటకును ఏ ప్రభుత్వమునకును మనసొప్పలేదు. అట్టి దినములలో 1933వ సంవత్సరమున ఇంగ్లాండువారు తమ పాత డిస్ట్రాయరులు అయిదింటిని ఆస్ట్రేలియాకు ఇచ్చిరి. స్టూవర్టు, వెండెట్టా, వాయేజరు, వాటర్‌హెన్, వాంపైరు అనునవి ఆ అయిదు. అక్టోబరులో ఇంగ్లాండు విడిచి డిసెంబరు 21వ తేదీని అవి సిడ్నీ చేరెను. చేరిన కొలదినాళ్లకే వాంపైరును రేవున కట్టివైచి నావికులను దింపివేసిరి. 1938 వఱకు దాని జీవితమున చెప్పుకోదగిన దేదియు నాకు కనబడలేదు. కట్టువడిన ఓడ త్రుప్పు పట్టును. దానిని గీచి రంగు వేయుదురు. మరల త్రుప్పు పట్టును.

ఈ నౌకను గుఱించి నేనెందుకు చదువసాగితినో ఇచట చెప్పవలెను. మన పాఠశాలలో పదవ తరగతి ముగించి ఇప్పుడు ఇంటర్మీడియటు చదువుచున్న బాలుడొకడు వేసవి సెలవులలో నాయొద్దకు వచ్చి, తాను నావికాదళమున చేరదలచితి ననియు, దరఖాస్తు నింపుటలో సాయపడవలెననియు కోరెను. వాడు చేపలవేటవారి బిడ్డ. విశాఖపట్నపు సముద్రతీరమున ప్రదర్శనకు నిలిపిన కురుసురా జలాంతర్గామిలోనికి మేము విద్యార్థులను కొనిపోయిన నాటినుండి వానికి ఈ కోరిక పుట్టెనట. రెండు దినములు గడచిన పిమ్మట వాని తల్లి వచ్చెను. “మేష్టారూ, మీ మాటంటే వాడికి గురి. వద్దని చెప్పండి బాబూ” అనెను. ఆమె భర్త పదేండ్ల క్రిందట తుపానులో వేటకు పోయి మరల రాలేదు. ఆయన పడవను నాలుగు దినములు వెదకిరి.

తల్లి కోరిన మాట చెప్పుటయో, బిడ్డ కోరిన సాయము చేయుటయో, రెంటిలో నొకటి చేసినచో ఇద్దరిలో నొకరికి అన్యాయమగునని నాకు దోచెను. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో మాకు చరిత్రబోధన నేర్పిన పెద్దలొకరు, యుద్ధమువంటి పెద్ద విషయమును పిల్లలకు చెప్పదలచినచో ఒక చిన్న వస్తువును చేతబట్టుకొని దాని జన్మమునుండి చివరవఱకు చెప్పుడని పదేపదే చెప్పుచుండిరి. ఆ మాట జ్ఞప్తికి వచ్చెను. సముద్రముమీది కొలువు ఎట్టిదో ఒక నౌక జీవితమున ఆ యిద్దరికిని ఒకేమారు చూపెదననుకొంటిని. గెలుపు కథలు మాత్రమే గల నౌక నాకు పనికిరాదు. ఊరక మునిగిపోయిన దియు పనికిరాదు. పుస్తకములు తిరుగవేయగా ఈ వాంపైరు నాకు దొరకెను.

రెండవ మహాయుద్ధము 1939 సెప్టెంబరులో ఆరంభమయ్యెను. ఆ యయిదు పాత నౌకలును ఆస్ట్రేలియా విడిచి, సింగపూరు మీదుగ మధ్యధరా సముద్రమునకు పోయెను. డిసెంబరు నాటికి మాల్టా చేరెను. అప్పటికి వాంపైరు వయస్సు ఇరువదిరెండేండ్లు. డిస్ట్రాయరులకు అది ముదిమియే. జర్మనీ ప్రచారమంత్రి గెబెల్సు వీనిని పాత ఇనుముగ ఎగతాళి చేసెనని చెప్పుదురు. ఆస్ట్రేలియా నావికులు ఆ తిట్టునే బిరుదుగ పెట్టుకొని తమ దళమును పాత ఇనుప దండు అని పిలుచుకొనిరి. తిట్టిన నోటినే మూయించు మార్గములలో ఇది మిక్కిలి చక్కనిది. తరగతిలో తోటివారి మాఱుపేళ్లకు ఏడ్చు పిల్లలకు నేను దీనిని చెప్పుచుందును.

1940 జూను 10వ తేదీని ఇటలీ యుద్ధమున దిగెను. జులై 9వ తేదీని కలాబ్రియా యొద్ద జరిగిన నౌకాయుద్ధమున వాంపైరు పాల్గొనెను. ఆ శీతకాలమున బార్దియా, టొబ్రూకు అను ఆఫ్రికా రేవులను పట్టుకొనునపుడు తీరము వెంబడి కావలి తిరిగెను. 1941 ఏప్రిలులో జర్మనులు గ్రీసు దేశము మీద పడగా అచటి సైనికులను తప్పించి తెచ్చిన నౌకలలో ఇదియు నొకటి. అప్పుడు గ్రీసు తీరమునుండి ఏబదివేలకు పైగ సైనికులను ఓడలకెక్కించిరి. ఈ లోపల దాని యంత్రములు అరిగిపోయినవి. మే నెలాఖరున మరమ్మతు నిమిత్తము దానిని సింగపూరునకు పంపిరి. మధ్యధరాలో మిగిలిన సోదరనౌకలలో వాటర్‌హెన్ జూను నెలాఖరున విమానపు బాంబులకు మునిగిపోయెను. ఆ వాటర్‌హెన్ పేరు మఱల వచ్చును.

మరమ్మతుకని వచ్చిన సింగపూరునకే యుద్ధము వచ్చెను. 1941 డిసెంబరు 8వ తేదీని జపానువారు మలయా తీరమున దిగిరి. ఆ సాయంకాలమే అడ్మిరలు టామ్ ఫిలిప్సు రెండు మహానౌకలతో బయలుదేరెను. ఒకటి ప్రిన్స్ ఆఫ్ వేల్సు, క్రొత్తది. రెండవది రిపల్సు, మొదటి యుద్ధకాలపుది. వానితో నాలుగు డిస్ట్రాయరులు: ఎలెక్ట్రా, ఎక్స్‌ప్రెస్, టెనిడోసు, వాంపైరు. పైన కాపాడుటకు విమానములు లేవు. శత్రువు కంటబడకుండ పోయి, దిగుచున్న సైన్యమును కొట్టి రావలెనని వారి యుద్దేశము. కంటబడిరి. టెనిడోసును ముందుగనే వెనుకకు పంపివైచిరి.

10వ తేదీ ఉదయము పదునొకండు గంటలు దాటిన తరువాత కువాంటాను తీరమునకు దూరముగ జపాను విమానములు వచ్చి పడెను. బాంబులు కొన్ని, టార్పీడోలు కొన్ని. పండ్రెండున్నర దాటగనే రిపల్సు మునిగెను. ముప్పావుగంట కాలము గడచిన పిమ్మట ప్రిన్స్ ఆఫ్ వేల్సు గూడ మునిగెను. సముద్రములో స్వేచ్ఛగ కదలుచు పోరాడుచున్న ఇంతటి మహానౌకలు విమానములచేతనే మునుగుట అంతకు ముందెన్నడును లేదు. అడ్మిరలును, ప్రిన్స్ ఆఫ్ వేల్సు కప్తానును మృతినొందిరి. చనిపోయినవారు 840 మంది. ఈ సంగతి ప్రతి పుస్తకమునను గలదు. ఆ తరువాతి గంటలో జరిగినదానిని గుఱించి ఒక్క పంక్తితో ముగించుట నాకు నచ్చదు.

నీటిమీద నల్లని చమురు దట్టముగ పఱచుకొని యుండెను. అందు వందలకొలది తలలు. డిస్ట్రాయరులు యంత్రములాపి ఆ నడుమకు పోయి నిలిచెను. విమానములు మరల వచ్చునేమో యని యెఱిగియు నిలిచెను. నిలిచిన ఓడ వేటగానికి ఎదుట నిలిచిన లేడి వంటిది. వేగమే కవచమని యింతకు ముందు వ్రాసితిని గదా, ఆ కవచమును తామే విప్పి ప్రక్కన పెట్టిరి. త్రాళ్లు, వలలు ప్రక్కలకు వ్రేలాడదీసి, చమురు పట్టి జాఱుచున్న చేతులను పట్టి లాగిరి. ఆ సమయమున జపాను విమానములు ఈ పనికి అడ్డురాలేదు. అది గూడ చెప్పవలసినదే.

వాంపైరు లెక్క ఇది. రిపల్సు నౌకనుండి తొమ్మిదిమంది అధికారులు, 213 మంది నావికులు, ఒక పత్రికా విలేఖరి. ప్రిన్స్ ఆఫ్ వేల్సు నుండి ఇద్దరు. మొత్తము 225 మంది. రిపల్సు కప్తాను టెన్నెంటును నీటినుండి తీసినది వాంపైరే. నూటయిరువదిమందికే చాలీచాలని ఓడలో మఱి 225 మంది! నలువదిమంది కూర్చుండు మన తరగతి గదిలోనికి మఱి డెబ్బదియైదుగురు తడిసిన బట్టలతో వచ్చినట్లు ఊహించుకొనుడు. మిగిలిన రెండు నౌకలును ఇట్లే చేసెను. మొత్తముమీద రెండువేలకు పైగ మనుష్యులు ఆ మూడు రేకు ఓడలమీద ఆ రాత్రి సింగపూరు చేరిరి. రక్తము పీల్చు పిశాచమని పేరు పెట్టిన నౌక చేసిన పని యిది. ఆ పేరు పెట్టినవారు అప్పటికి ఎవరైన బ్రతికియుండినచో ఏమనుకొనియుందురో.

తరువాతి నెలలో మలయా అంతయు చేజాఱుచుండెను. 1942 జనవరి 26వ తేదీ రాత్రి ఎండౌ అను చోట జపాను ఓడలనుండి సైన్యము దిగుచున్నదని విని, వాంపైరును, థానెట్ అను మఱియొక పాత డిస్ట్రాయరును పంపిరి. చీకటిలో వాంపైరు విడిచిన టార్పీడోలు గుఱి తప్పెను. శత్రునౌకల ఫిరంగులకు థానెట్ మునిగెను. వాంపైరు పొగ విడిచికొని తప్పించుకొని వచ్చెను. ఈ పోరాటమున దానికి కీర్తి యేమియు లేదు. పంపినవారు రెండు ముసలి ఓడలను పంపిరి, ఒకటి వచ్చెను, అంతియే. సింగపూరు పతనమునకు ముందే అది సింహళమునకు పోయెను.

ఇక మన తీరపు మాట. 1942వ సంవత్సరమున ఈస్టరు ఆదివారము ఏప్రిలు 5వ తేదీని వచ్చెను. ఆ ఉదయము జపాను విమానవాహక నౌకల దండు కొలంబోపై బాంబులు వైచెను. ఆ దినమే డార్సెట్‌షైరు, కార్నువాలు అను రెండు క్రూయిజరులు మునిగెను. మఱునాడు సోమవారము ఓజావా అను అడ్మిరలు క్రింది మఱియొక దండు బంగాళాఖాతమున ప్రవేశించి కంటబడిన వర్తక నౌకల నెల్ల ముంచుచు, విశాఖపట్నము మీదను కాకినాడ మీదను విమానములను పంపెను. ఆ కొలదిదినములలో ఇరువదికి పైగ ఓడలు మన తూర్పుతీరము వెంబడి మునిగినవి. మద్రాసునుండి జనులు పరుగెత్తిరి. ప్రభుత్వ కార్యాలయములు లోపలి పట్టణములకు తరలెను.

మా తాతగారు అప్పుడు పదునాఱేండ్లవాడు. విశాఖపట్నమున బంధువుల యింట నుండి చదువుకొనుచుండెను. ఆదివారము దేవాలయమున ఈస్టరు కీర్తనలు పాడినవారు సోమవారము రాత్రి బండ్లు దొరకక, మూటలు నెత్తిన పెట్టుకొని విజయనగరము దారి పట్టిరని ఆయన చెప్పుచుండెడివాడు. ఇత్తడిబిందెలు పెరటిలో పాతిపెట్టిపోయినవారు, తిరిగివచ్చి ఎచట పాతినదియు మఱచి పెరడంతయు త్రవ్వుకొనిరట. ఇది చెప్పునపుడు ఆయన నవ్వుచుండెను గాని, ఆ రాత్రి దారిలో తప్పిపోయిన మేనత్తగారి చిన్నకూతురు రెండు దినములకు గాని దొరకలేదను భాగము వచ్చినప్పుడు నవ్వెడివాడు కాడు.

ఆ బిడ్డ దొరకిన మఱునాడే వాంపైరు చివరిదినము. సింహళమునకు తూర్పున ట్రింకోమలీ రేవు కలదు. దానిమీద దాడి రానున్నదని తెలిసి 8వ తేదీ రాత్రి అచటి ఓడలను వెలుపలికి పంపిరి. వానిలో హెర్మీస్ అను విమానవాహక నౌక యొకటి. విమానవాహకముగనే మొదటినుండి రూపొందింపబడిన తొలి నౌకలలో అది యొకటి. కాని ఆ దినమున దానిమీద విమానములు లేవు. దానికి కాపుగ వాంపైరు. తీరము వెంబడి దక్షిణముగ పోయి, మఱునాటి ఉదయము ట్రింకోమలీ వైపు తిరిగివచ్చుచుండగా జపాను విమానమొకటి వానిని చూచెను. పదిన్నర దాటిన తరువాత బట్టికలోవాకు సమీపమున దాడి జరిగెను. హెర్మీసుమీద నలువది వఱకు బాంబులు పడెనని లెక్క వ్రాసిరి. ఇరువది నిముషములలో అది మునిగెను. అందు 307 మంది చనిపోయిరి. పిమ్మట విమానములు వాంపైరు మీదికి తిరిగెను. బాంబులు తగిలి అది కదలలేక నిలిచిపోయెను. నౌకను విడువుడని ఆజ్ఞ ఇచ్చిరి. నావికులు నీటిలో దిగిరి. నౌక నడుమకు విఱిగి మునిగెను. నౌకాధిపతియగు కమాండరు మోరన్ మరణించెను. ఆయనతో గూడ చనిపోయినవారు పదిమందికి లోపే. మిగిలినవారందఱు నీటిమీద నుండిరి. సాయమునకు రావలసిన విమానములు సకాలమునకు రాలేదు.

నాలుగు మాసములకు ముందు ప్రిన్స్ ఆఫ్ వేల్సు వెంట పోయిన నాలుగు డిస్ట్రాయరులలో ఎలెక్ట్రా ఫిబ్రవరి 27వ తేదీని జావా సముద్రమునను, టెనిడోసు ఈస్టరునాడు కొలంబో రేవులోనే, వాంపైరు నాలుగు దినముల తరువాత ఇచటను మునిగిపోయెను. ఎక్స్‌ప్రెస్ ఒక్కటే మిగిలి, 1943లో కెనడావారి చేతికి పోయి పేరు మార్చుకొని యుద్ధము చివరవఱకు పనిచేసెను. వాంపైరు అను పేరును ఆస్ట్రేలియావారు విడిచిపెట్టలేదు. సిడ్నీలో తామే కట్టుకొన్న మఱియొక డిస్ట్రాయరునకు అదే పేరు పెట్టి 1959లో కొలువున చేర్చి 1986 వఱకు నడిపిరి. అది ఇప్పుడు సిడ్నీలో నావికా ప్రదర్శనశాలకు చెంది నీటిమీద నిలిచియున్నది. పిల్లలు టిక్కెట్టు కొని దానిపై ఎక్కవచ్చును.

ఇదంతయు నేను ఒక శనివారము సాయంకాలము పాఠశాల వసారాలో కూర్చుండి ఆ బాలునికిని, వాని తల్లికిని చెప్పితిని. బల్లమీద పటము పఱచి చూపితిని. చెప్పునపుడు దేనిని తగ్గింపలేదు, దేనిని పెంచలేదు. బాలుడు ఫిరంగుల సంగతి, వేగము సంగతి అడిగెను. 34 నాట్లనగా గంటకు ఎన్ని కిలోమీటర్లని అడిగి, తానే లెక్కకట్టి 63 అని చెప్పెను. తల్లి చాలసేపు ఏమియు మాటాడలేదు. నౌక మునిగిన చోటును పటముమీద వ్రేలితో చూపినప్పుడు మాత్రము ఆమె ముందునకు వంగి చూచెను.

“నీళ్లలో ఉన్నవాళ్లను ఎంతసేపటికి తీశారు మేష్టారూ?” అని ఆమె అడిగెను.

యుద్ధమును గుఱించి చదివిన ఇన్నేండ్లలో ఆ ప్రశ్న నన్నెవ్వరును అడుగలేదు. దానికి ఉత్తరము నాయొద్ద నుండెను. ఆ సమయమున ఆ ప్రాంతముననే వీటా అను ఆసుపత్రి ఓడ పోవుచుండెను. అది బ్రిటిషు ఇండియా స్టీము నావిగేషను కంపెనీవారి ఓడ; మన కాకినాడ, భీమునిపట్నము రేవులలో ఆగుచు మనవారిని రంగూనునకు చేర్చిన స్టీమరులు ఆ కంపెనీవే. తెల్లరంగు, ప్రక్కను ఎఱ్ఱని శిలువగుర్తు. ఆసుపత్రి ఓడమీద ఫిరంగి యుండదు. అది వచ్చి, హెర్మీసు వారిని, వాంపైరు వారిని కలిపి సుమారు 600 మందిని ఆ దినముననే పైకి తీసికొనెను. కొద్దిమంది ఈది ఒడ్డు చేరిరి.

ఇంకొక సంగతి గూడ ఆమెకు చెప్పితిని. ఒక యేడాదికి ముందు, 1941 ఏప్రిలులో, ఇదే వీటా ఓడ టొబ్రూకు రేవునుండి గాయపడినవారిని కొనిపోవుచుండగా జర్మను విమానముల దాడిలో చెడిపోయి సముద్రమున నిలిచిపోయెను. అప్పుడు దగ్గరకు వచ్చి అందలి రోగులను, వైద్యులను, దాదులను తన మీదికి ఎక్కించుకొని కాపాడినది వాటర్‌హెన్. వాంపైరుతో గూడ ఇంగ్లాండునుండి ఆస్ట్రేలియాకు పోయిన అయిదింటిలో నొకటి. అది విని బాలుడు “అయితే బాకీ తీర్చేసింది” అనెను. తల్లి వానివైపు చూచెను గాని నవ్వలేదు.

“ఆరోజునే తీశారన్నమాట” అని తనలో తాననుకొన్నట్లు అనెను. నే నౌనంటిని. చనిపోయినవారును గలరని మరల చెప్పితిని. విన్నానండి అనెను.

కొంతసేపటికి లేచి చెఱగు సవరించుకొని, “మా అన్నయ్య వేటకు పోయాడండి. వచ్చాక అడిగి కబురు చెప్తాను బాబూ” అని కొడుకును వెంటబెట్టుకొని వెడలిపోయెను. దరఖాస్తు పంపుటకు ఇంకను పదునొకండు దినముల గడువు గలదు.